తలుపు వేయని థెరపీ గది: మా బాబును ఏడాదికి పైగా తీసుకెళ్తున్న నెల్లూరు సెంటర్ గురించి

వేదాయపాలెంలో మేం వెళ్ళే థెరపీ సెంటర్‌లో గదులకు తలుపులున్నాయి గానీ వేయరు. మొదటిరోజు నా కంట పడింది అదే. లోపల పిల్లవాడు ఉయ్యాల మీద ఉంటాడు. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తల్లో, నాయనమ్మో కూర్చుని చూస్తుంటారు. సెంటర్ వాళ్ళే కూర్చోబెట్టి చూడమంటారు. నేను ఇంత రాయడానికి కారణం ఆ కుర్చీయే.

సెంటర్ పేరు రాయడం లేదు. రాస్తానండీ అని అడిగితే నడిపే మేడమే వద్దన్నారు. ఉన్నది ముగ్గురు థెరపిస్టులు. ఇప్పటికే పదకొండు మంది పిల్లలు చోటు కోసం ఎదురుచూస్తున్నారు. ఇంకా ఫోన్లు వస్తే లేదని చెప్పలేక బాధపడాలి అన్నారు. అందుకని అక్కడ ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మీరు ఒంగోలులోనో కందుకూరులోనో వెతుక్కుంటున్నా ఏం చూసుకోవాలో ఒక అంచనా వస్తుంది.

మాది కావలి. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. మా ఆయన అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర పని చూస్తారు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. బాబుకి ఇప్పుడు ఐదేళ్ళు. వాడికి ఆటిజం ఉంది.

వాడికి రెండేళ్ళప్పుడు ఎప్పుడూ నా కుట్టు మిషన్ పక్కనే కూర్చునేవాడు. నేను తొక్కుతుంటే పక్కన చక్రం తిరుగుతుంది కదా, తల ఒక పక్కకి వాల్చి కంటి చివరి నుంచి ఆ చక్రాన్నే చూసేవాడు. గంట, గంటన్నర అలాగే. ఏడవడు, ఏదీ అడగడు, నా కొంగు పట్టుకుని లాగడు. బ్లౌజుల కోసం వచ్చినవాళ్ళు 'ఎంత బుద్ధిమంతుడమ్మా, నిన్ను విసిగించనే విసిగించడు' అనేవాళ్ళు. నేనూ మురిసిపోయాను. ఆ పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎప్పుడూ కుట్టనన్ని బ్లౌజులు కుట్టాను. అన్ని గంటలు పక్కన కూర్చుని వాడు ఒక్కసారైనా నా ముఖంలోకి చూడలేదని నాకు అప్పుడు తట్టలేదు.

తేడా కనిపెట్టింది మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ. 'పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదు. వేలు పెట్టి ఏదీ చూపించడం లేదు. బిస్కెట్ కావాలంటే నా చెయ్యి పట్టుకెళ్ళి డబ్బా మీద పెడుతున్నాడు' అంది. పిల్లల డాక్టరు ఒకాయన దగ్గరికి వెళ్తే మగపిల్లలకు మాట ఆలస్యమే, మూడేళ్ళ దాకా చూద్దాం అన్నారు. చూశాం. ఎనిమిది నెలలు అలా పోయాయి. 16 నెలల నుంచి 30 నెలల మధ్య పిల్లల కోసమే, ఆటిజం లక్షణాలు ముందే గుర్తించడానికి, ఎంచాట్ అని 20 ప్రశ్నల పట్టిక ఉందని, తల్లిని కూర్చోబెట్టి అడిగితే కాసేపట్లో అయిపోతుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పిలిస్తే పలకని బిడ్డ ఎవరింట్లో ఉన్నా మూడేళ్ళ దాకా ఆగొద్దు. దయచేసి ఆగొద్దు.

తర్వాత అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం డాక్టర్లు చూసి జిల్లా కేంద్రానికి రాసిచ్చారు. ఈ పథకం 2013 నుంచి ఉంది. 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు, ఎదుగుదల ఆలస్యం కూడా అందులో ఉంది. ముందు చెవుల పరీక్ష చేయించారు. బెరా అంటారు, పిల్లవాడిని నిద్రపుచ్చి చేస్తారు. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని సంతోషపడాలో భయపడాలో తెలియక బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. మూడేళ్ళు దాటాక ఆటిజం ఎంత ఉందో కొలిచే ఇసా పరీక్ష చేశారు. సికింద్రాబాద్‌లో మనవాళ్ళే తయారుచేసిన పరీక్ష అది, 40 అంశాలుంటాయి. మావాడికి 112 వచ్చింది. 107 నుంచి 153 దాకా మధ్యస్థం కింద లెక్క.

ఈలోపు అత్తమ్మ వస కొమ్ము తేనెలో అరగదీసి వాడి నాలుక మీద రాసేది. ఏఎస్ పేట దర్గాకి తీసుకెళ్ళి తాయత్తు కట్టించింది. నేను అడ్డు చెప్పలేదు. మనవడి కోసం తనకు తెలిసిన దారిలో తను తిరిగింది. డాక్టరు వద్దన్నాక వస మానేసింది. తాయత్తు ఇంకా వాడి మొలతాడుకే ఉంది.

ఇక్కడికి రాకముందు ఇంకో సెంటర్‌కి ఐదు నెలలు తిరిగాం. ఆరు నెలల డబ్బూ ముందే కట్టించుకున్నారు. 'ఆరు నెలల్లో మాట్లాడిస్తాం, గ్యారంటీ' అన్నారు. అక్కడ తలుపు వేసేవాళ్ళు. తల్లి కనిపిస్తే పిల్లవాడు మాట వినడట. లోపలి నుంచి ఏడుపు వినిపించేది. నలభై ఐదు నిమిషాల తర్వాత తలుపు తీసి, చెమటలు కారుతున్న బిడ్డని నా చేతికిచ్చి 'ఈరోజు బాగా చేశాడండీ' అనేవాళ్ళు. ఏం చేశాడు అంటే 'యాక్టివిటీస్'. ఇంటి దగ్గర నేనేం చేయాలి అంటే 'మీరు టెన్షన్ పడకండి, మాకు వదిలేయండి'. వారానికి మూడు సెషన్లు, అంటే రెండుంబావు గంటలు. మిగతా వారమంతా వాడు నా దగ్గర, అత్తమ్మ దగ్గర ఉంటాడు. ఆ గంటల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఐదో నెలకి ఆ వీధి మలుపు రాగానే ఆటోలోనే ఏడుపు అందుకునేవాడు. అప్పుడు మానేశాం. మిగిలిన నెల డబ్బు రాలేదు.

ఇప్పటి సెంటర్‌కి 2024 నవంబర్‌లో వచ్చాం. గోడకి థెరపిస్టుల ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి పెట్టారు. స్పీచ్ థెరపిస్టులకి, స్పెషల్ ఎడ్యుకేటర్లకి ఆ రిజిస్ట్రేషన్ ఉండి తీరాలని నాకు అప్పటిదాకా తెలియదు. మీరు ఎక్కడికెళ్ళినా ఆ నంబరు అడగండి. ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చూపిస్తారు.

మేడం ఎదురుగా కూర్చోగానే ఫీజు సంగతి వస్తుందనుకున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, 'మీ ఇంటి దగ్గర బావి గానీ, చెరువు గానీ, గుంట గానీ ఉందామ్మా?' రెండో ప్రశ్న, 'బాబు ఎప్పుడైనా చెప్పకుండా వెళ్ళిపోయాడా?'

నాకు మాట రాలేదు. ఆ ఎండాకాలంలో జరిగింది మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు, అత్తమ్మకి కూడా. మా ఆయన ఒక సాయంత్రం వాడిని గుంటల దగ్గరికి తీసుకెళ్ళారు. గట్టు మీద నిలబెట్టి మేత లెక్క గురించి ఫోన్ మాట్లాడుతున్నారు. రెండు నిమిషాలు కూడా కాలేదు. తిరిగి చూస్తే గట్టు మీద లేడు. దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఏరేటర్ వైపు చూస్తున్నాడు. ఏరేటర్ అంటే గుంటలో నీళ్ళు చిలికే చక్రం. నా మిషన్ చక్రం లాగే తిరుగుతుంది. కరెంటు తీగలుండే చోటది. ఆయన దూకి ఎత్తుకొచ్చారు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

మేడం మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఇలాంటి పిల్లల్లో చెప్పకుండా వెళ్ళిపోవడం, నీళ్ళ వైపు వెళ్ళడం చాలామందిలో చూస్తామని, ముందు ప్రాణం, తర్వాతే మాటలని చెప్పారు. వీధి తలుపుకి వాడికి అందని ఎత్తులో గడియ, గేటుకి గంట, చొక్కా మీద ఫోన్ నంబరు. నంబరు నేనే దారంతో ప్రతి చొక్కా కాలర్ లోపల కుట్టాను. ఇక థెరపీలో ఓటీ సార్, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు, మొదటి నెలంతా ఒకే ఆట ఆడించారు. పరిగెత్తు, ఆగు. పరిగెత్తు, ఆగు. 'ఆగు' అన్న మాటకి కాళ్ళు నిలవాలి. మా ఆయన ఇప్పుడూ రోజూ సాయంత్రం వీధిలో ఆ ఆట ఆడిస్తారు.

ఆ కుర్చీలో కూర్చుని నేను నేర్చుకున్నది రాయకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. ఓటీ సార్ గదిలో పైకప్పుకి ఇనుప కొక్కెం, దానికి మందపాటి గుడ్డ ఉయ్యాల. సార్ పదిసార్లు ఊపి ఉయ్యాల పట్టుకుని ఆపేశారు. ఏమీ అనలేదు. కింద మోకాళ్ళ మీద కూర్చుని, వాడి ముఖానికి ఎదురుగా తన ముఖం పెట్టి, కనుబొమలు పైకెత్తి చూస్తున్నారు. నేను కుర్చీలోంచి 'అడుగు నాన్నా, ఊపు అను' అన్నాను. సార్ చేత్తో ఆగమన్నారు. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు. ఏడు దగ్గర వాడి కాలివేళ్ళు కదిలాయి. తొమ్మిది దగ్గర తల తిప్పి సార్ కళ్ళలోకి చూశాడు. అర సెకను ఉంటుందేమో. సార్ వెంటనే 'ఊపు!' అని పెద్దగా నవ్వి ఊపేశారు.

తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పారు. 'వాడు ఆ చూపుతో అడిగాడమ్మా. మీరేమో వాడికంటే ముందే అడిగేస్తున్నారు. వాడికి అడగాల్సిన అవసరమే రానివ్వడం లేదు.' నిజమే. వాడికి దాహం వేసేలోపే గ్లాసు నోటి దగ్గర పెట్టేదాన్ని. చెప్పుకోలేని బిడ్డ, కష్టపెట్టకూడదని. ఆ రోజు నుంచి నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని పది లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఏ తల్లికైనా ఆ పది అంకెలు ఎంత పొడుగ్గా ఉంటాయో మాటల్లో చెప్పలేను. మూడో వారానికి ఉయ్యాల ఆపితే 'ఊ' అన్నాడు. ఆ శబ్దం నేను గుమ్మం దగ్గర కూర్చుని నా చెవులతో విన్నాను. తలుపు వేసి ఉంటే 'బాగా చేశాడండీ' అన్న మాటే నాకు దక్కేది.

స్పీచ్ మేడం గురించి చెప్పాలి. ముందు వెళ్ళిన చోట ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు. ఒకటే భాష అయితే పిల్లవాడికి తేలిక, బడిలో కూడా పనికొస్తుంది అని. నాకు వచ్చే నాలుగు ఇంగ్లీషు ముక్కలతో నేను వాడితో ఏం మాట్లాడగలను? దాదాపు మౌనంగా ఉండిపోయాను. వాడు ఫోన్‌లో వీడియోలు చూసి 'రెడ్ కార్, బ్లూ కార్' అనేవాడు. అంకెలు ఇంగ్లీషులో ఇరవై దాకా చెప్పేవాడు. 'అమ్మా' అనేవాడు కాదు. ఇక్కడ స్పీచ్ మేడం మొదటిరోజే 'మీరు వాడికి ఏ భాషలో జోల పాడతారో ఆ భాషలోనే మాట్లాడండి' అన్నారు. పెదవులు కలిస్తే వచ్చే శబ్దాలు పిల్లలకు ముందు వస్తాయట. ప, బ, మ. మన ఇళ్ళలో బువ్వ, బొమ్మ, పాప, మామ అని పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. అలాగే దా, పో, తే. ఒక్క అక్షరంతో పని జరిగే మాటలు తెలుగులో ఎన్ని ఉన్నాయో వాడికి నేర్పడం మొదలుపెట్టాకే గమనించాను.

ఇంకోటి. మావాడు ఆకలేస్తే నా దగ్గరికొచ్చి 'బువ్వ తింటావా?' అంటాడు. దాహమైతే 'నీళ్ళు కావాలా?' అంటాడు. నేను రోజూ వాడిని అడిగే ప్రశ్ననే నా గొంతు తీరుతో సహా తిరిగి నాకు అప్పజెప్తాడు. చుట్టాలు నవ్వేవాళ్ళు. అది తప్పు కాదని, వాడు అడుగుతున్నాడని, అడిగే రూపం మాత్రమే నా దగ్గర నుంచి తీసుకున్నాడని మేడం చెప్పారు. దీనికి ఆమె ఇచ్చిన ఉపాయం: ప్రశ్న అడగడం మానేసి, వాడు అనాల్సిన మాటని వాడి తరఫున నేను అనాలి. గ్లాసు చూపించి 'నీళ్ళు కావాలి' అని ఆగాలి. అత్తమ్మకి ఇది అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు ఆమె నాకంటే బాగా చేస్తుంది.

సెషన్ అయిపోగానే ఒక నోటుబుక్కులో ఇంటి పని రాసిస్తారు. ఒకటే పని, రెండు కూడా కాదు. మొదట్లో ఇంగ్లీషులో రాసేవాళ్ళు. నాకు చదవడం కష్టంగా ఉందంటే మరుసటి వారం నుంచి తెలుగులో రాస్తున్నారు. ఆ పనులు మా ఇంటికి తగ్గట్టే ఉంటాయి. ఇంట్లో ఏముంటాయి, ఎవరేం చేస్తారు అని ముందే అడిగి రాసుకున్నారు. స్నానానికి ముందు రెండు కిలోల బియ్యం సంచి వంటింటి నుంచి వసారా దాకా మోయాలి, రెండుసార్లు. బరువు మోస్తే ఒళ్ళు కుదురుకుంటుంది, తలమీద నీళ్ళు పోసినప్పుడు కేకలు తగ్గుతాయి అన్నారు. తగ్గాయి. చపాతీ పిండి పిసకాలి. నా బ్లౌజు హుక్కుల డబ్బాలో పెద్దవీ చిన్నవీ వేరు చేయాలి. ఇది మాత్రం నేను ఎదురుగా కూర్చుంటేనే, నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

ఫోటో కార్డులు కూడా మా ఇంటివే తీయించారు. మా స్టీలు గ్లాసు, మా కంచం, మా బాత్రూం తలుపు. కొనుక్కొచ్చిన కార్డుల్లోని యాపిల్ మీద వాడికి ఆసక్తి లేదు, మా గ్లాసు ఫోటో ఇచ్చిన రోజే తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. దారం మీద రెండు ఫోటోలు వేలాడదీశాను. మొదట ఇది, తర్వాత అది. మొదట స్నానం, తర్వాత చక్రం.

అవును, చక్రమే. మిషన్ దగ్గరికి వాడిని రానివ్వకూడదేమో అని భయపడుతూ అడిగాను. మేడం ఒకరోజు తిరిగే బొమ్మ చక్రం తీసుకుని చేసి చూపించారు. 'వాడికి ఇష్టమైంది తీసేయకండి. ఆ ఇష్టంలోకి మీరు వెళ్ళండి.' ఇంటికొచ్చి సూది తీసేసి, బెల్టు విప్పేసి, మిషన్ పక్కన ఇద్దరం కూర్చున్నాం. నేను చక్రం తిప్పాను. చేయి అడ్డుపెట్టి ఆపాను. పది లెక్కపెట్టాను. చక్రాన్ని చూశాడు, నా చేతిని చూశాడు, ఆ చేయి ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటున్నట్టు పైకి చూస్తూ వచ్చి నా కళ్ళ దగ్గర ఆగాడు. మూడేళ్ళుగా నా పక్కన కూర్చున్న బిడ్డ. నేను తిప్పడం కూడా మర్చిపోయాను. వాడే నా చెయ్యి తట్టాడు.

రెండో శనివారం కుటుంబమంతా రావాలి. నాన్నలు, తాతలు, అవ్వలు. చాలా సెంటర్లలో ఇది లేదు. ఒకసారి అత్తమ్మ వచ్చి నేరుగా అడిగేసింది, 'వీడికి ఎప్పటికి నయమవుతుందమ్మా?' అని. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. మేడం ఆమె పక్కన కూర్చుని చెప్పారు, 'ఇది జ్వరం లాంటిది కాదు అవ్వా, మందేస్తే పోవడానికి. వాడి పుట్టుక తీరు అది. కానీ నేర్చుకుంటాడు. మీ దగ్గరే ఎక్కువ నేర్చుకుంటాడు.' తిరుగు బస్సులో అత్తమ్మ పెన్నా వంతెన దాకా మాట్లాడలేదు. వంతెన మీద ఎప్పుడూ ఒక రూపాయి బిళ్ళ నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకుంటుంది. ఆ రోజు బిళ్ళ వాడి చేతికిచ్చి, వేసేదాకా కిటికీ దగ్గర వాడి చెయ్యి పట్టుకుంది. అప్పటి నుంచి ఎవరైనా 'పాపం పిల్లవాడు' అంటే 'పాపమేముంది, నేర్చుకుంటున్నాడు' అంటోంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మెట్లకి ఒకవైపే కమ్మీ ఉంది, అదీ పెద్దవాళ్ళ ఎత్తుకి. నడవలేని పిల్లల్ని తల్లులు ఎత్తుకుని ఎక్కడం రోజూ చూస్తాను. పదేళ్ళ పిల్లని చంకనేసుకుని ఎక్కే ఒకామెకి నడుం పట్టేసి రెండు వారాలు రాలేకపోయింది. ఇలాంటి చోటు కింది అంతస్తులో ఉండాలి. ఈ మాట వాళ్ళకీ రాసిచ్చాను.

అంతకంటే నాకు కష్టం కలిగించింది ఇంకోటి. పోయిన జూన్‌లో స్పీచ్ మేడం ఉద్యోగం మానేశారు. మాకు ముందు చెప్పలేదు. సోమవారం వెళ్తే కొత్త మనిషి ఉన్నారు. మావాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, ఆ గదిలోకి వెళ్ళలేదు. నేర్చుకున్న మాటల్లో సగం దాదాపు రెండు నెలలు వినబడలేదు. 'మొదట, తర్వాత' అని ప్రతి చిన్న మార్పుకీ పిల్లవాడిని సిద్ధం చేయాలని మాకు నేర్పినవాళ్ళే ఇంత పెద్ద మార్పుకి సిద్ధం చేయలేదు. అడిగాను, గట్టిగానే అడిగాను. సెంటర్ నడిపే మేడం తప్పు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఎవరైనా మానేసేటట్టుంటే నెల ముందు చెప్పి, కొత్తవాళ్ళని అదే గదిలో కొన్నాళ్ళు కూర్చోబెడుతున్నారు. కొత్త స్పీచ్ మేడం మంచి మనిషి. కానీ ఆ రెండు నెలలు నేను మర్చిపోలేను.

కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకే సరిపోతుంది. రోజు ముందు చెప్పకుండా మానేస్తే సెషన్ డబ్బు పోతుంది. ఫిట్స్, జ్వరాలు చెప్పి రావు కదా, ఆ నియమం సడలించాలి.

ఫీజు ఒక్కో సెషన్‌కి 500, నలభై ఐదు నిమిషాలు. నెల నెలా కడతాం, ముందస్తు ప్యాకేజీలు లేవు. నెలకి 12 సెషన్లు, 6,000. బాబుకి వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ వచ్చాక దివ్యాంగుల పింఛను కూడా 6,000 వస్తోంది. 2024 జులై నుంచి 3,000 ఉన్నది 6,000 చేశారు. ఒకటో తేదీ సచివాలయం వాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు థెరపీకి పోతుంది. ఆ పింఛను లేకపోతే వారానికి ఒక్క సెషన్‌కి మించి మా వల్ల కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉందని, 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకి అర్హత అని నాకు ఈ సెంటర్‌లోనే చెప్పారు. నిరామయ అనే లక్ష రూపాయల ఆరోగ్య బీమా ఫారం కూడా దగ్గరుండి నింపించారు, దానికి రూపాయి తీసుకోలేదు. నెల్లూరులోనే, ఇసా పరీక్ష తయారుచేసిన సికింద్రాబాద్ సంస్థ కింద నడిచే సీఆర్‌సీ అనే దివ్యాంగుల ప్రభుత్వ కేంద్రం ఉందని, ఫీజు కట్టలేనివాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి అడగమని వాళ్ళే చెప్తారు. తమ దగ్గరికి వచ్చినవాళ్ళని ఇంకో చోటికి పంపే సెంటర్ నేను ఇంకెక్కడా చూడలేదు. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి, మావాడిని వారానికి రెండు రోజులు కావలిలో దానికి కూడా పంపుతున్నాను. అది ఉచితం.

ఇంకో విషయం చెప్పకుండా ఉండలేను. మా చుట్టాలొకరు పెద్ద ఊళ్ళో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేయిస్తే ఆటిజం పోతుందని, లక్షల్లో అవుతుందని, స్థలం అమ్మైనా చేయించమని చెప్పారు. మా ఆయన స్థలం బేరం కూడా పెట్టారు. రెండో శనివారం ఆ మాట అడిగితే, ఆటిజానికి ఆ చికిత్సని సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ బోర్డు 2022లోనే చెప్పిందని మేడం చెప్పారు. స్థలం మిగిలింది. ఈ ఒక్క మాటకే నేను వాళ్ళకి రుణపడి ఉంటాను.

మావాడు ఇప్పుడు ముప్ఫై మాటల దాకా సొంతంగా అంటాడు. 'అమ్మా తిప్పు' అంటాడు. 'నీళ్ళు కావాలి' అంటాడు, ఒక్కోసారి 'కావాలా' అనే వస్తుంది. రాత్రి రెండింటికి లేచి కూర్చోవడం తగ్గలేదు. మేళాలు, టపాసులు తట్టుకోలేడు. రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు బస్సుల్లో కాలు పెట్టే సందుండదు, ఆ వారం సెషన్లు మానుకుంటాం. ఒక ప్రైవేటు బడి చేర్చుకోనంది. 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు వాడికి ఆ 2016 చట్టంలోనే ఉంది. మా వీధి చివర ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరు గారు ఒకసారి తీసుకురమ్మన్నారు. వాడితో ఎలా మాట్లాడాలో, ఏం చేస్తే భయపడతాడో సెంటర్ వాళ్ళు ఒక పేజీ రాసిచ్చారు, అది ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఉంచాను.

కావలి వైపు నుంచి వచ్చేవాళ్ళు పదిన్నర సెషన్ అడగండి. తొమ్మిదింటి సెషన్ అయితే పిల్లలు నిద్ర చాలక బస్సులోనే చిరాకుపడతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవాళ్ళకి ఛార్జీ లేదు, ఆధార్ మర్చిపోకండి. మెట్ల దగ్గర పిల్లవాడి చెయ్యి వదలొద్దు. గుమ్మం పక్క కుర్చీకి ఫ్యాను గాలి తగలదు, ఎండాకాలం అయితే విసనకర్ర తెచ్చుకోండి. ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను కూడా. అక్కడ కూర్చున్నప్పుడు రాసుకోవాల్సినవి చాలా ఉంటాయి.